సైన్యంలో కొలువు: వాడ పిల్లలు వేసుకోవాల్సిన లెక్క

పదో తరగతి పాసయి ఇంటర్ దగ్గర ఆగిపోయిన దళిత యువకుడి ముందున్న సర్కారు కొలువుల్ని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. టీచరు కావాలంటే ఇంకో ఐదారేళ్ళు చదవాలి. గుమాస్తా కావాలంటే నోటిఫికేషన్ పడాలి, పడ్డాక కోచింగుకి డబ్బులుండాలి. ఒంటినే పెట్టుబడిగా పెట్టి తెచ్చుకోగలిగిన ఉద్యోగాలు రెండే: పోలీసు, మిలట్రీ. అందుకే తెల్లారగట్ల కాలవ గట్ల మీద, బైపాస్ రోడ్ల పక్కన పరిగెత్తే గుంపుల్లో మాల, మాదిగ పిల్లలు కనిపిస్తారు.

ఈ పరుగు గురించి మన చుట్టూ రెండు రకాల మాటలు వినపడతాయి. ఒకటి, దేశభక్తి పాఠం. జీతమెంత, పెన్షనుందా, పైకెదిగే దారుందా అని అడిగితే ఈ పాఠం చెప్పేవాళ్ళకి కోపమొస్తుంది. రెండోది మన ఉద్యమాల్లోంచే వచ్చే మాట: ‘రాజ్యం తుపాకీని మనమెందుకు మొయ్యాలి?’ అని. ప్రశ్న సరైనదే. కానీ కూలికెళ్ళే తల్లి, అప్పులో ఉన్న ఇల్లు, పద్దెనిమిదేళ్ళ వయసు ఉన్నవాడికి దాంతో దారి దొరకదు. ఆ కుర్రాడికి కావాల్సింది లెక్క. సైన్యం దళితులతో ఇంతకుముందు ఎలా వ్యవహరించింది, ఇప్పుడు ఏ షరతుల మీద తీసుకుంటోంది, పక్కన ఇంకేం దారులున్నాయి అనే మూడు సంగతుల్ని మేము ఇక్కడ విడమరిచి చెప్పే ప్రయత్నం చేస్తున్నాం.

తలుపు తీసిందెవరు, మూసిందెవరు

దళితులు సైన్యంలోకి నిన్నగాక మొన్న రాలేదు. ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో మహార్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలుండేవారు, ‘పరయా’ పేరుతో నమోదైన అంటరాని కులాలవాళ్ళు కూడా ఉండేవారు. 1818 జనవరి 1న భీమా కోరేగావ్ దగ్గర పీష్వా సైన్యంతో జరిగిన పోరులో చనిపోయిన కంపెనీ సైనికుల పేర్లు అక్కడి స్తంభం మీద చెక్కి ఉన్నాయి. అందులో 22 పేర్లు మహార్లవి. అంబేడ్కర్ 1927 జనవరి 1న అక్కడికి వెళ్ళి నివాళి అర్పించారు.

అంబేడ్కర్ పుట్టుక కూడా ఈ చరిత్రలో భాగమే. తాత మాలోజీ సిపాయి. తండ్రి రాంజీ సక్పాల్ సుబేదార్ మేజరు హోదాకి ఎదిగి సైనిక పాఠశాలలో హెడ్మాస్టరుగా పనిచేశారు. 1891 ఏప్రిల్ 14న అంబేడ్కర్ పుట్టిన మౌ ఒక సైనిక కంటోన్మెంటు. ఊరిబడి గడప తొక్కనివ్వని రోజుల్లో కంటోన్మెంటు బడి మహార్ కుటుంబాలకి అక్షరాలిచ్చింది. సైన్యం దళితులకి ఇచ్చిన అసలు ఆస్తి ఆ చదువే. తుపాకీ, జీతం దాని తర్వాతే.

ఆ తలుపు 1892 ప్రాంతంలో మూసుకుంది. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిషు అధికారులు ‘యుద్ధజాతులు’ అనే సిద్ధాంతం తయారుచేసుకున్నారు. కొన్ని కులాలకి, కొన్ని ప్రాంతాలకి మాత్రమే వీరత్వం పుట్టుకతో వస్తుందని దాని సారం. 1880లలో మద్రాసు సైన్యానికి, ఆ తర్వాత మొత్తం భారత సైన్యానికి అధిపతిగా ఉన్న లార్డ్ రాబర్ట్స్ దీన్ని గట్టిగా నమ్మినవాడు. ఫలితంగా మహార్ల భర్తీ ఆగిపోయింది. దక్షిణాదివాళ్ళు పనికిరారని ముద్రవేసి మద్రాసు పటాలాల్ని ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ వచ్చారు. మనువు రాసినదానికి తెల్లదొర శాస్త్రం పేరు తగిలించాడు, అంతే గదా! పనిని పుట్టుకతో ముడిపెట్టడంలో ఇద్దరికీ తేడా లేదు.

దీనిమీద దళితులు నోరుమూసుకుని కూర్చోలేదు. మాజీ సైనికుడు గోపాల్ బాబా వలంగ్కర్ 1890లలోనే అర్జీ తయారుచేశాడు. 1910లో శివరాం జాన్బా కాంబ్లే మళ్ళీ భర్తీ కోసం బ్రిటిషు ప్రభుత్వానికి విన్నపం పంపాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో 111వ మహార్ పటాలం ఏర్పాటుచేశారు. యుద్ధం అయిపోగానే 1921లో రద్దుచేశారు. రెండో యుద్ధం వచ్చింది. 1941 జులైలో అంబేడ్కర్ రక్షణ సలహా సంఘంలో సభ్యుడయ్యారు. అదే ఏడాది అక్టోబరులో బెల్గాంలో మహార్ రెజిమెంటు పుట్టింది. 1943లో ఏర్పడ్డ చమార్ రెజిమెంటు బర్మా యుద్ధరంగంలో పోరాడింది. 1946లో దాన్నీ రద్దుచేశారు.

ఈ వరసలో ఒక సూత్రం కనపడుతుంది. అవసరం పడినప్పుడు దళితుడు సైనికుడవుతాడు, అవసరం తీరాక అంటరానివాడవుతాడు. ఈ సూత్రం గుర్తుంచుకుంటే ఇవాళ్టి భర్తీ షరతుల్ని చదవడం తేలికవుతుంది.

రిజర్వేషన్ లేని చోటు

మన పిల్లల్లో చాలామందికి తెలియని సంగతి ఇది: సైన్యం, నౌకాదళం, వైమానిక దళం భర్తీల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు లేవు. కేంద్ర ప్రభుత్వ కొలువులన్నిట్లో ఉన్న 15 శాతం ఎస్సీ కోటా సిపాయి కొలువుకిగానీ సైనికాధికారి కొలువుకిగానీ వర్తించదు. రిజర్వేషన్ లేదు కాబట్టి రోస్టరు లేదు. రోస్టరు లేదు కాబట్టి ‘బ్యాక్‌లాగ్’ అనే మాటకి చోటే లేదు. మిగతా శాఖల్లో మన ఉద్యోగ సంఘాలు ఏ కాగితం చూపించి కొట్లాడతాయో ఆ కాగితమే ఇక్కడ పుట్టదు.

దీనికి చెప్పే కారణం, సైన్యం కులం చూడదు, ప్రతిభ చూస్తుందని. అయితే రాజ్‌పుత్, జాట్, డోగ్రా, సిక్కు, మహార్ పేర్లతో రెజిమెంట్లు ఇప్పటికీ ఉన్నాయి. సిక్కుల్లోనే చూడండి. సిక్కు రెజిమెంటులో ప్రధానంగా జాట్ సిక్కులు, సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీలో మజబీ, రాందాసియా సిక్కులు. అంటే ఒకే మతంలో అగ్రకులానికో పటాలం, దళితులకో పటాలం. రాష్ట్రపతి అంగరక్షక దళంలో జాట్, రాజ్‌పుత్, జాట్ సిక్కులకే అవకాశం ఇస్తున్నారని 2018లో ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం పడింది. 2022 జులైలో అగ్నివీర్ అభ్యర్థుల్ని కుల ధ్రువపత్రం ఎందుకడుగుతున్నారని గొడవైతే, ఇది పాత పద్ధతే, కొత్తగా పెట్టింది కాదని ప్రభుత్వం జవాబిచ్చింది. ఆ జవాబు అబద్ధం కాదు. అయితే పాత పద్ధతి కావడమే అసలు సమస్య. కులాన్ని రాసుకుంటారు, కులాన్నిబట్టి రావాల్సిన హక్కు మాత్రం ఇవ్వరు.

మహార్ రెజిమెంటు సంగతే ఇంకో కోణం చూపిస్తుంది. ఈ రెజిమెంటు అధికారుల్లోంచి ఇద్దరు సైన్యాధ్యక్షులయ్యారు. 1981 నుంచి 1983 దాకా మన తెలుగువాడు జనరల్ కె.వి. కృష్ణారావు, 1986 నుంచి 1988 దాకా జనరల్ సుందర్జీ. ఇద్దరూ మహార్లు కారు. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. రెజిమెంటుకి దళిత కులం పేరుండటం వేరు, దాన్ని నడిపే హోదాకి దళితుడు చేరడం వేరు అని చెప్పడానికే ఈ ఉదాహరణ.

ఎనిమిది పాసైతే ఏం పని?

భర్తీ నోటిఫికేషన్ని జాగ్రత్తగా చదివితే చదువుకీ పనికీ ఉన్న ముడి తెలుస్తుంది. జనరల్ డ్యూటీ, అంటే మామూలు సిపాయి కొలువుకి పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ఒక్కో సబ్జెక్టులో 33 శాతం మార్కులుండాలి. టెక్నికల్ విభాగానికి ఇంటర్‌లో భౌతిక, రసాయన శాస్త్రాలు, లెక్కలు, ఇంగ్లీషు ఉండి 50 శాతం రావాలి. క్లర్కు, స్టోర్‌కీపర్ విభాగానికి ఇంటర్‌లో 60 శాతం కావాలి. ట్రేడ్స్‌మన్ విభాగానికి పది పాసైతే చాలు. అందులోనే ఎనిమిది పాసైనవాళ్ళకి విడిగా రెండు పనులున్నాయి: హౌస్‌కీపర్, మెస్‌కీపర్.

ఆ మాటల్ని తెలుగులోకి దించుకుందాం. హౌస్‌కీపర్ అంటే ఊడ్చి, కడిగి, శుభ్రంచేసే పని. ఒకప్పుడు సైన్యంలో దీన్నే సఫాయివాలా అనేవారు. ట్రేడ్స్‌మన్‌లోనే బట్టలుతికేవాళ్ళు, క్షవరం చేసేవాళ్ళు, వంటవాళ్ళు ఉంటారు. ఊళ్ళో కులాలవారీగా పంచిన పనుల జాబితా యూనిఫాం తొడుక్కుని వచ్చినట్టుంటుంది. ఈ పనులకి ఫలానా కులంవాళ్ళే రావాలని ఏ నోటిఫికేషనూ చెప్పదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. ఎనిమిదితో బడి మానేసింది ఎవరి పిల్లలో చూస్తే చాలు.

మేము ఆ పనిని తక్కువచేసి మాట్లాడటం లేదు. ఏ పనీ నీచం కాదు. కానీ ‘మిలట్రీ’ అనే ఒక్క మాట విని అప్లికేషన్ పెట్టే కుర్రాడికి, అందులో ఏ గడిలో టిక్కు పెడితే ఏ జీవితం వస్తుందో ముందే తెలియాలి. పదిలో 45 శాతానికి, 40 శాతానికి ఉన్న తేడా ఐదు శాతమే. ఆ ఐదు శాతం తుపాకీకీ చీపురుకీ మధ్య గీత కావచ్చు. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలన్న నిర్ణయం పదహారేళ్ళకే టెక్నికల్ విభాగం తలుపు తీయొచ్చు, ముయ్యొచ్చు. హైస్కూలు టీచర్లు ఈ సంగతి తొమ్మిదో తరగతిలోనే చెప్పాలి. పది పరీక్షలయ్యాక చెబితే లాభం లేదు.

నాలుగేళ్ళ లెక్క

2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ పథకం ప్రకటించింది. అంతకుముందు సిపాయిగా చేరినవాడు 15 ఏళ్ళు పనిచేస్తే బతికున్నంతకాలం పెన్షను. అగ్నిపథ్‌లో సర్వీసు నాలుగేళ్ళు. ప్రకటించినప్పుడు చేరే వయసు పదిహేడున్నర నుంచి 21. నాలుగేళ్ళయ్యాక 25 శాతం మందికి మించకుండా శాశ్వత సర్వీసులోకి తీసుకుంటారు. మిగతావాళ్ళు ఇంటికే.

డబ్బు లెక్క ఇలా ఉంది. మొదటి ఏడాది నెలకి 30 వేలు, నాలుగో ఏడాది 40 వేలు. ఇందులో 30 శాతం ‘సేవానిధి’ కింద మినహాయిస్తారు కాబట్టి మొదటి ఏడాది చేతికొచ్చేది 21 వేలు, నాలుగో ఏడాది 28 వేలు. నాలుగేళ్ళలో సైనికుడి వాటా 5 లక్షల 2 వేలు, ప్రభుత్వం అంతే కలుపుతుంది, వడ్డీతో సుమారు 11 లక్షల 71 వేలు వస్తుందని ప్రకటించారు. సర్వీసులో ఉండగా 48 లక్షల బీమా ఉంది. గ్రాట్యుటీ లేదు, పెన్షను లేదు, మాజీ సైనికుడి హోదా లేదు.

చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. మన రాష్ట్రాల్లో మాజీ సైనికుడి హోదాకి భూమితో సంబంధముంది. భూమిలేని పేదలకి సర్కారిచ్చిన అసైన్డ్ భూమిని అమ్మకూడదని 1977 చట్టం చెబుతోంది. (ఆంధ్రప్రదేశ్‌లో 2023లో దాన్ని సవరించి 20 ఏళ్ళు దాటితే అమ్ముకునే వీలిచ్చారు.) మాజీ సైనికుడికిచ్చిన భూమినయితే 10 ఏళ్ళకే అమ్ముకోవచ్చని 1993లోనే ఉత్తర్వులొచ్చాయి. భూమి, ఉద్యోగాల్లో కోటా, క్యాంటీను, ఆసుపత్రి కలిస్తేనే ‘మిలట్రీ ఆయన ఇల్లు’ అనే గౌరవం వాడలో ఏర్పడింది. ఆ ఇల్లు జీతంతో కాదు, పెన్షనుతో నిలబడింది. 21 ఏళ్ళకి చేరినవాడు 25 ఏళ్ళకి పన్నెండు లక్షలలోపు డబ్బుతో తిరిగొస్తాడు. పొలమున్నవాడికి అది పెట్టుబడి. పొలం లేనివాడికి చెల్లెలి పెళ్ళి, తండ్రి అప్పు, స్లాబు ఇల్లు అంటే ఒక్క ఏడాదిలో కరిగిపోయే మొత్తం.

అందుకే 2022 జూన్ 17న సికిందరాబాద్ రైల్వేస్టేషన్‌లో అంత ఆగ్రహం బయటపడింది. అక్కడికొచ్చిన పిల్లల్లో చాలామంది పరుగు, వైద్యపరీక్ష పాసయి రాతపరీక్ష కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్ళు. పాత భర్తీ రద్దయింది. పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతపు యువకుడొకడు చనిపోయాడు. మొదటి అగ్నివీరులు 2022 చివర, 2023 మొదట్లో శిక్షణలో చేరారు. అంటే వాళ్ళ నాలుగేళ్ళు 2026 చివర, 2027 మొదటికి నిండే లెక్క. తిరిగొచ్చేవాళ్ళకి కేంద్ర సాయుధ బలగాల్లో 10 శాతం కోటా ఇస్తామని 2022లోనే ప్రకటించారు. కోటా కాగితం మీదుంటే సరిపోదు, అందులో ఎస్సీ వాటా ఎంత నిండుతోందో ఏటా లెక్క అడగాలి.

కేసు అనే గోడ

పరుగులో నెగ్గి, రాతపరీక్షలో నెగ్గి, చివరికి పోలీసు విచారణ దగ్గర ఆగిపోవడం మన వాడలకి తెలిసిన విషయమే. చేరేముందు నడవడిక ధ్రువపత్రం, పోలీసు వెరిఫికేషన్ తప్పనిసరి. 2022లో అగ్నిపథ్ వ్యతిరేక ఆందోళనలు జరిగాక, వాటిలో పాల్గొనలేదని అభ్యర్థి హామీ ఇవ్వాలని సైనికాధికారులు చెప్పారు.

దీని బరువు అందరిమీదా ఒకేలా పడదు. ఊళ్ళో దళితుల మీద దాడి జరుగుతుంది. మనవాళ్ళు 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెడతారు. మర్నాటికల్లా అవతలివాళ్ళు కౌంటర్ కేసు పెడతారు. ఆ కేసులో ఎవరి పేర్లుంటాయి? ముసలివాళ్ళవి ఉండవు. చదువుకుంటున్న, ఉద్యోగం దగ్గరికొచ్చిన కుర్రాళ్ళ పేర్లే వెతికి మరీ రాయిస్తారు. ‘మీవాడి ఉద్యోగం పోతుంది, రాజీకి రండి’ అనే బేరం ఆ తర్వాత మొదలవుతుంది. ఒక కుటుంబం న్యాయం కావాలా, కొడుకు కొలువు కావాలా తేల్చుకోవాల్సి వస్తుంది.

కార్యకర్తలు ఇక్కడ రెండు సంగతులు తెలుసుకోవాలి. ఒకటి, కేసుంటే దాచకూడదు. ఉద్యోగ దరఖాస్తులో కేసుల సమాచారం దాచడం గురించి సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో వివరంగా చెప్పింది. దాచినందుకే ఉద్యోగం పోవచ్చు. నిజం చెప్పినా తప్పకుండా తీసుకోవాలని లేదు. అయితే కేసు స్వభావం, అభ్యర్థి వయసు, తీర్పు చూసి యాజమాన్యం ఆలోచించి నిర్ణయం తీసుకోవాలి. రెండు, కౌంటర్ కేసు పడ్డ మొదటి వారంలోనే, భర్తీ వయసులో ఉన్న పిల్లల పేర్లు అందులో ఉన్నాయేమో చూసి, అబద్ధపు కేసయితే కొట్టేయించడానికి వకీలుని పట్టుకోవాలి. మూడేళ్ళ తర్వాత నిర్దోషి అని తీర్పొచ్చేసరికి భర్తీ వయసు దాటిపోతుంది.

పక్కనే ఉన్న దారులు

బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్, సీఐఎస్ఎఫ్ లాంటి కేంద్ర సాయుధ బలగాలు హోంశాఖ కింద ఉంటాయి. వాటిని జనం ‘మిలట్రీ’ అనే అంటారుగానీ షరతులు వేరు. అక్కడ ఎస్సీలకి 15 శాతం, ఎస్టీలకి ఏడున్నర శాతం రిజర్వేషనుంది, వయసులో ఐదేళ్ళ సడలింపుంది. పది పాసైతే కానిస్టేబుల్ జీడీ పరీక్ష రాయొచ్చు. మూలవేతనం 21,700తో మొదలవుతుంది. సర్వీసు నాలుగేళ్ళతో ఆగదు. 2024 జనవరి నుంచి ఈ పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు. కష్టం తక్కువేమీ కాదు. అడవి, సరిహద్దు, ఎన్నికల డ్యూటీలు, ఇంటికి దూరం అన్నీ ఉంటాయి. కానీ భూమిలేని కుటుంబం దీర్ఘకాలపు జీతం కోసం చూస్తుంటే మొదటి అప్లికేషన్ ఇక్కడ పెట్టడమే తెలివైన పని అని మా అభిప్రాయం. దళిత క్రైస్తవులు మాత్రం 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఈ ఎస్సీ కోటాలోకి రారు. సర్టిఫికెట్ విషయం ముందే తేల్చుకోవాలి.

రెండో దారి అధికారి హోదా. ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ, డిగ్రీ తర్వాత సీడీఎస్ పరీక్షలు యూపీఎస్సీ పెడుతుంది. ఎస్సీ, ఎస్టీలకి ఫీజు లేదు, సీట్లలో రిజర్వేషనూ లేదు. రాతపరీక్ష దాటినవాళ్ళని ఐదు రోజుల ఇంటర్వ్యూకి పిలుస్తారు. అక్కడ ఇంగ్లీషులో తడబడకుండా మాట్లాడటం, గుంపుని నడిపించడం, భయపడకుండా అభిప్రాయం చెప్పడం చూస్తారు. తరతరాలుగా ‘నోరుమూసుకో’ అనిపించుకున్న వాడ పిల్లవాడికి ఇది ఒంటికి కాదు, గొంతుకి పరీక్ష. ఈ గొంతు పదో ఏటనుంచే తయారుకావాలి. సైనిక్ స్కూళ్ళలో ఎస్సీలకి 15 శాతం సీట్లున్నాయి. విజయనగరం జిల్లా కోరుకొండలో 1962 నుంచి, రాయలసీమలో కలికిరి దగ్గర 2014 నుంచి అవి నడుస్తున్నాయి. ఆరో తరగతికి, తొమ్మిదో తరగతికి ప్రవేశపరీక్ష ఉంటుంది. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల కింద కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో సైనిక పాఠశాల, భువనగిరిలో అమ్మాయిల కోసం సాయుధ దళాల శిక్షణతో డిగ్రీ కాలేజీ పెట్టారు. 2021లో సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత అమ్మాయిలకి ఎన్‌డీఏ తలుపు కూడా తెరుచుకుంది. మిలటరీ నర్సింగ్ సర్వీసులో చేరే అమ్మాయి అధికారి హోదాలోనే చేరుతుంది. మా వాడల్లో ఎంతమంది తల్లిదండ్రులకి ఈ సంగతి తెలుసు?

యూనిఫాం ఊరిని మారుస్తుందా?

యూనిఫాం వేసుకుంటే కులం పోతుందనే ఆశ ఈ పరుగు వెనక ఉంది. సెలవులో ఇంటికొచ్చినప్పుడు బస్టాండులో దొరికే మర్యాద నిజమే. దాని హద్దు కూడా తెలియాలి. 2016లో కశ్మీరులోని పాంపోర్ దాడిలో చనిపోయిన సీఆర్పీఎఫ్ జవాను, ఉత్తరప్రదేశ్‌లో నట్ కులానికి చెందినవాడు. ఆయన అంత్యక్రియలకి ఊరి ఉమ్మడి స్థలం ఇవ్వడానికి అగ్రకులాలవాళ్ళు మొదట అడ్డుచెప్పారు. 2020లో గుజరాత్ బనస్కాంఠా జిల్లాలో దళిత సైనికుడొకడు పెళ్ళికి గుర్రమెక్కితే రాళ్ళు వేశారు. దేశం కోసం చావొచ్చుగానీ ఊళ్ళో గుర్రమెక్కకూడదు!

పైగా సర్వీసులో ఉన్నంతకాలం సైనికుడు సంఘంలో చేరలేడు, సభలో మాట్లాడలేడు, పత్రికకి రాయలేడు. రాజ్యాంగం 33వ అధికరణ, 1950 సైనిక చట్టం ఈ హక్కుల్ని కట్టడి చేశాయి. తనమీద ఊళ్ళో జరిగే అన్యాయానికి అతను గొంతెత్తలేని చోట వాడ సంఘమే ఎత్తాలి. కాబట్టి సైన్యంలోకి వెళ్ళినవాడు ఉద్యమానికి దూరమైనట్టు లెక్కవేయొద్దు. అతనికి ఉద్యమం అవసరం అప్పుడే ఎక్కువ.

చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు. ప్రతి గురుకులంలో, ప్రతి హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్లలకి ఈ దారులన్నీ ఒక పూట కూర్చోబెట్టి చెప్పాలి. ఎస్సీ స్టడీ సర్కిళ్ళలో గ్రూప్ పరీక్షలతోపాటు కానిస్టేబుల్ జీడీ, ఎన్‌డీఏ, ఐదు రోజుల ఇంటర్వ్యూకి శిక్షణ ఇవ్వమని అడగాలి. ఇలా చేస్తే వేల రూపాయలు గుంజే ప్రైవేటు ‘డిఫెన్స్ అకాడమీ’ల బెడద కొంత తగ్గుతుంది. కౌంటర్ కేసుల్లో ఇరికించిన పిల్లల జాబితా మండలాలవారీగా తయారుచేయాలి. త్రివిధ దళాల్లో ఎస్సీ, ఎస్టీల సంఖ్యని హోదాలవారీగా ప్రకటించాలనీ, రిజర్వేషన్ వర్తింపజేయాలనీ పార్లమెంటులో మన ప్రతినిధులచేత అడిగించాలి.

అప్లికేషన్ పెట్టాలా వద్దా అన్నది ఆ కుర్రాడి ఇష్టం, ఆ ఇంటి అవసరం. 1.6 కిలోమీటర్లని ఐదున్నర నిమిషాల్లో పరిగెత్తడానికి వాడు ఏడాదంతా చెమటోడుస్తాడు. ఆ పరుగు ఏ గీత దగ్గర మొదలై ఏ గీత దగ్గర ఆగుతుందో వాడికి ముందుగా చెప్పడం చదువుకున్న మన బాధ్యత.